డెనిస్ ఉండేదెక్కడ?

డెనిస్ హార్కర్ ఓడలో వంటవాడు. అరవై రెండేళ్ల మనిషి, ఏ గుమ్మంలోంచి వెళ్లినా తల వంచుకోవలసినంత పొడుగు. హల్ రేవు నుంచి హాలండ్ వెళ్లొచ్చే పెద్ద ఫెర్రీలో ముప్ఫై ఒక్కేళ్లుగా పొద్దుటి ఫలహారాలు వండుతున్నాడు. రెండు వారాలు నీళ్ల మీద, రెండు వారాలు నేల మీద. నేల మీదుండే ఆ రెండు వారాలూ యార్క్‌షైర్ తీరంలో కెల్డ్‌విక్ అనే చిన్న ఊళ్లో, వాళ్లమ్మ మ్యూరియల్ ఇంట్లో ఉంటాడు.

ఉంటాడని మనం అంటున్నాం గానీ, ఆ మాట అతనెప్పుడూ అనేవాడు కాదు.

పద్నాలుగేళ్ల కింద డెనిస్, అతని భార్య లొరెయిన్ విడిపోయారు. గొడవేం జరగలేదు. ఓ రోజు భోజనం దగ్గర కూర్చుంటే ఇద్దరి దగ్గరా మాటలు అయిపోయాయని ఇద్దరికీ ఒకేసారి తెలిసింది, అంతే. డెనిస్ ఒక్క పెట్టె పట్టుకుని అమ్మ గుమ్మంలోకి వచ్చి, "ప్రస్తుతానికేనమ్మా, ఏదో ఒక ఫ్లాట్ దొరికేదాకా" అన్నాడు. ఫ్లాట్ దొరకలేదు. ఆ మాటకొస్తే అతను వెతకనూ లేదు. ఎవరైనా "ఎక్కడుంటున్నావు?" అనడిగితే మాత్రం, "ప్రస్తుతానికి అమ్మ దగ్గర" అనేవాడు. నలభై ఎనిమిదేళ్లప్పుడూ అదే మాట, యాభై అయిదప్పుడూ అదే మాట, అరవై దాటాక కూడా అదే మాట.

ఈ ఏడు ఫిబ్రవరిలో డెనిస్ ఓడ మీదున్నప్పుడు మ్యూరియల్ పెరటి మెట్టు మీద జారిపడింది. ఎనభై ఎనిమిదేళ్ల ప్రాణం, తుంటి ఎముక విరిగింది. పక్కింటి ఐరిస్ చూసి అంబులెన్సుని పిలిచింది. ఆపరేషన్ బాగానే జరిగింది, కానీ లేపి కూర్చోబెట్టాలంటే ఇద్దరు మనుషులు కావలసి వచ్చింది. ఆ ఇల్లు చూస్తే రేవు రోడ్డు నుంచి నలభై ఒక్క మెట్లు పైన ఉంది. లోపల ఇంకా రెండంతస్తుల ఇరుకు మెట్లు.

ఎవరూ చెప్పకముందే మ్యూరియల్ తేల్చేసింది. "ఆ మెట్లతో నాకింక సరిపడదు. నన్ను ఫెయిర్‌హావెన్‌లో చేర్చండి. అక్కడ వంట బాగుంటుందని నా స్నేహితురాలు హిల్డా చెప్పింది, చచ్చిపోయే ముందు."

ఫెయిర్‌హావెన్ ఊరి చివర, చదునైన చోట, సముద్రం కనిపించే వృద్ధుల హోమ్. మార్చి నెలాఖరుకి మ్యూరియల్ అక్కడ కిటికీ పక్క గది సంపాదించింది. వారం తిరక్కుండానే తోట వేపు కుర్చీ తనదని అందరిచేతా ఒప్పించింది కూడా.

చిక్కు ఆ తర్వాత వచ్చింది. డెనిస్ ఓడ దిగి ఇంటికొచ్చేసరికి గుమ్మంలో, హోమ్ ఖర్చుల సంగతి చూసే స్థానిక కౌన్సిల్ వాళ్ల ఉత్తరం పడుంది. నిలబడే చదివాడు. మొదటి పన్నెండు వారాలూ ఇంటి జోలికి రామన్నారు. ఆ తర్వాత ఇంటి విలువని మ్యూరియల్ ఆస్తిగా లెక్క కడతామన్నారు. హోమ్ ఖర్చు అందులోంచే పోవాలి. ఇప్పుడే అమ్మినా సరే, లేదంటే కౌన్సిల్ పేరున తాకట్టు పెడితే ఆమె తదనంతరం అమ్మి రాబట్టుకుంటారు. కింద ఒక వాక్యం ఉంది: "ఆ ఇంట్లో తాను ఒంటరిగా ఉండేదాన్నని శ్రీమతి హార్కర్ మాకు తెలియజేశారు."

డెనిస్ ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివాడు. తర్వాత వంటింట్లోకి వెళ్లి, చేసేదేమీ తోచక రెండు ఉల్లిపాయలు తరిగాడు.

ఆ ఇల్లు వాళ్లమ్మ ఎలా కొన్నదో ఊళ్లో పాతవాళ్లందరికీ తెలుసు. డెనిస్‌కి పన్నెండేళ్లు, చెల్లెలు గ్లెండాకి ఎనిమిది. తండ్రి పోయి ఏడాదయింది. అద్దెకున్న ఇల్లు అమ్మేస్తానన్నాడు యజమాని. మ్యూరియల్ హెర్రింగ్ చేపలకి పొగబెట్టే షెడ్డులో పని చేసేది. అప్పు కోసం బ్యాంకుకి వెళితే, మగదిక్కు సంతకం కావాలన్నాడు మేనేజరు. రెండోసారి వెళ్లినా అదే పాట. మూడోసారి ఆవిడ షెడ్డు నుంచి అటే వెళ్లింది, ఆప్రాన్‌తో సహా, చంకలో ఘాటుగా వాసనకొట్టే డజను పొగచేపల, కిప్పర్ల, పొట్లంతో. మేనేజరు గదిలో కూర్చుని, "తొందరేం లేదండీ, నేనుంటాను" అంది. కిటికీలు తెరుచుకోని గది. ఒంటిగంటకల్లా సంతకమైపోయింది. పొట్లం ఆయనకే ఇచ్చి వచ్చింది.

అటువంటి ఇల్లు.

సాయంత్రం లీడ్స్ నుంచి గ్లెండా ఫోన్ చేసింది.

"అన్నయ్యా, ఎప్పుడో నీ పేర రాయించుకోవాల్సింది. ఇప్పుడైనా రాయించుకో. మా ఆఫీసులో ఒకావిడ అలాగే చేసింది."

"అది తప్పేమోనే."

"తప్పో ఒప్పో, అమ్మ ఇంట్లో ఎవరో కొత్త మొహాలు తిరుగుతుంటే చూడగలవా?"

చూడలేడు. ఆ సంగతి గ్లెండాకి చెప్పలేదు. "కనుక్కుంటాలే" అన్నాడు.

గురువారాలు ఊరి లైబ్రరీలో ఉచితంగా సలహాలిచ్చే బల్ల ఒకటి వేస్తారు. దాని వెనకాల కూర్చునేది మిసెస్ ప్రౌడ్‌ఫుట్, రిటైరైన లెక్కల టీచరు. డెనిస్‌కి ఆవిడ పాఠాలు చెప్పలేదు గానీ, ఆవిడ ముందు కూర్చున్న ఎవరికైనా హోంవర్కు చేయలేదన్న భయం పుడుతుంది.

"ముందుగా, ఇల్లు ఎవరి పేరునా రాయించకండి" అందావిడ ఉత్తరం చూస్తూ. "ఖర్చు తప్పించుకోవడానికే ఇచ్చేశారని అంటారు. ఇల్లు ఆవిడ దగ్గరే ఉన్నట్టు లెక్క కడతారు. పోనీ, ఆ ఇంట్లో ఇంకెవరైనా ఉంటున్నారా? అరవై దాటిన దగ్గరి బంధువు, ఆవిడ హోమ్‌కి వెళ్లకముందు నుంచీ అక్కడే స్థిరంగా ఉంటుంటే, ఇంటిని లెక్కలోకి తీసుకోకూడదు. అది రూలు."

"ఎవరూ లేరండీ. నేనే, ప్రస్తుతానికి."

మిసెస్ ప్రౌడ్‌ఫుట్ కళ్లజోడు కిందికి లాగి చూసింది. "మీకు వేరే ఇల్లుందా?"

"లేదండీ."

"ఎన్నాళ్ల నుంచి ఈ ప్రస్తుతం?"

డెనిస్ గడ్డం గోక్కున్నాడు. "పద్నాలుగేళ్లండీ."

ఆవిడ నవ్వాపుకోవాలని చూసింది, కుదరలేదు. పక్కన పేపరు చదువుకునే ముసలాయన కూడా తలెత్తి చూశాడు. "హార్కర్ గారూ, పద్నాలుగేళ్లయితే దాన్ని కాపురం ఉండడం అంటారు. వెళ్లి అదే మాట కౌన్సిల్‌కి చెప్పండి. రుజువులు పట్టుకెళ్లండి. బ్యాంకు ఉత్తరాలు, డాక్టరు దగ్గరి నమోదు, లైసెన్సు, ఏవైనా."

డెనిస్ మొహం పాలిపోయింది. అవన్నీ లొరెయిన్ అడ్రసుకే వెళతాయి. పద్నాలుగేళ్లుగా అతను ఒక్కదాన్నీ మార్పించలేదు. వచ్చిన ఉత్తరాలన్నీ ఆవిడ సంచిలో వేసి ఉంచుతుంది. ఓడ హల్ చేరినప్పుడు, ఎప్పుడైనా గుర్తొస్తే వెళ్లి కొన్ని తెచ్చుకుంటాడు.

కాగితాల మాట తర్వాత, ముందు అమ్మతో మాట్లాడాలి. నేరుగా ఫెయిర్‌హావెన్‌కి వెళ్లాడు. మ్యూరియల్ తోట వేపు కుర్చీలో కూర్చుని బిస్కెట్టు టీలో ముంచుకుంటోంది.

"అమ్మా, కౌన్సిలు అమ్మాయి వచ్చి అడిగినప్పుడు నువ్వు ఒక్కదానివే ఉంటున్నావని చెప్పావా?"

"చెప్పాను. మంచిపిల్ల. జుట్టు మాత్రం కళ్లలో పడుతోంది. 'మీ అబ్బాయో?' అంది. 'వాడికేం, వాడి బతుకు వాడిది, అప్పుడప్పుడు వచ్చి చూసి పోతుంటాడు' అన్నాను."

"అలా ఎందుకన్నావమ్మా?"

"మనం అనుకున్నదే కదరా."

"ఎప్పుడనుకున్నాం?"

మ్యూరియల్ బిస్కెట్టు సాసర్‌లో పెట్టింది. "నువ్వనుకోలేదు, నేననుకున్నాను. నువ్వొచ్చిన రోజున. పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డావు. అంత పొడుగు మనిషివి, చిన్నపిల్లాడిలా మొహం పెట్టి ప్రస్తుతానికే అన్నావు. ఊళ్లో వాళ్లు నిన్ను చూసి ఏదో ఒకటి అంటారని నీ భయం. నా కొడుకు మాట అబద్ధం కాకూడదనుకున్నాను. అప్పట్నుంచి ఎవరడిగినా చుట్టపుచూపుగా వచ్చాడనే చెప్పాను. ఐరిస్‌కీ అదే చెప్పాను. చర్చి వాళ్లకీ అదే. పద్నాలుగేళ్లు ఒక్కసారి కూడా నోరు జారలేదు తెలుసా?" ఆ చివరి ముక్క కాస్త గర్వంగానే అంది.

తను దాచుకున్నది అమ్మ కూడా దాస్తూ వచ్చిందని అతనికి ఇన్నేళ్లలో తట్టనే లేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

"అమ్మా, నేను నీ దగ్గరే ఉంటున్నాను."

"నాకు తెలుసురా. నా వాషింగ్ మెషీన్‌కీ తెలుసు."

"అంటే, నిజంగా ఉంటున్నాను. వేరే ఎక్కడికీ వెళ్లను. అసలు ఫ్లాట్ కోసం ఒక్కరోజు కూడా వెతకలేదు. నాకిక్కడే బాగుంది. అది చెప్పుకోడానికి సిగ్గేసింది, అంతే."

"హమ్మయ్య" అంది మ్యూరియల్. బిస్కెట్టు మళ్లీ చేతిలోకి తీసుకుంది. "ఇంక నేను కూడా చెప్పొచ్చన్న మాట. నోరు కట్టేసుకుని చచ్చాననుకో. అయినా ఊరందరికీ తెలుసులే. తెలియనట్టు నటించింది మనమిద్దరమే."

కౌన్సిల్ అమ్మాయి పేరు బెథ్ లాంగ్‌స్టాఫ్. డెనిస్ ఫోన్ చేసి జరిగింది చెప్పాడు. ఆవిడ సావధానంగా వింది, మర్యాదగానే మాట్లాడింది, కానీ మాట నమ్మి రాసేసుకునే రకం కాదు.

"హార్కర్ గారూ, మీరు చెప్పేది నేను కాదనట్లేదు. కానీ మా దగ్గరున్న ప్రతి కాగితంలోనూ మీరు హల్‌లో లొరెయిన్ గారి ఇంట్లో ఉన్నట్టుంది. మీ అమ్మగారేమో తాను ఒంటరిదాన్నన్నారు. ఇప్పుడు ఉత్తరం అందాక మాట మార్చారు. నా పైవాళ్లు ఏమంటారో మీరే ఆలోచించండి."

"నిజమేనండీ. నేనైనా నమ్మను."

అవతల కాగితాలు తిప్పుతున్న చప్పుడైంది. తర్వాత ఆవిడ, "వచ్చే మంగళవారం ఇంటికొచ్చి చూస్తాను. ఏముంటే అవి చూపించండి" అంది.

అదే రోజు డెనిస్ లొరెయిన్‌కి ఫోన్ చేశాడు. విషయం వినగానే ఆవిడ ఫోన్లోనే పడీపడీ నవ్వింది. ఆవిడ తొమ్మిదేళ్ల కింద రేమండ్ అనే తోటమాలిని పెళ్లి చేసుకుంది.

"అంటే కాగితాల ప్రకారం నాకిద్దరు మగవాళ్లా ఇంట్లో? రేమండూ! ఇలా రా! డెన్ కూడా మనతోనే ఉంటున్నాడట! ఏ గదిలోనో వెతుకు!"

"లొరెయిన్, నవ్వకు. ఇల్లు పోయేట్టుంది."

"మీ అమ్మ ఇల్లా?" నవ్వు ఆగిపోయింది. "ఎన్నింటికొస్తుందా పిల్ల? నేనొస్తాను."

మంగళవారం పొద్దున్నే డెనిస్ ఇల్లంతా తుడిచాడు. చేతులు ఊరికే ఉండలేక ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, చీజ్ పిండి పొరల్లో కూరి పెద్ద 'పై' ఒకటి ఓవెన్‌లో పెట్టాడు. పదింటికి బెథ్ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది. పాతికేళ్ల పైచిలుకు పిల్ల, చేతిలో ఫైలు, జుట్టు కళ్లలో. వెంటనే పక్కింటి ఐరిస్ కూడా వచ్చింది. డెబ్బై తొమ్మిదేళ్ల మనిషి, చిన్న చక్రాల బుట్టబండి లాక్కుంటూ.

"ఐరిస్ ఆంటీ, ఇవేంటి?"

"నువ్వు నోర్మూసుకుని టీ పెట్టు. ఇవి ఈ అమ్మాయికి."

బండి నిండా డైరీలు. ఐరిస్ పెళ్లయిన నాటి నుంచి రోజూ వాతావరణం రాసుకుంటుంది. గాలి ఎటు, వాన ఎంత, సముద్రం ఏ రంగు. అందులో పద్నాలుగేళ్లవి ఏరి తెచ్చింది.

"వాన సంగతి నాకెందుకండీ?" అంది బెథ్ అయోమయంగా.

"తెరిచి చదువు తల్లీ. మా ఇళ్లకి మధ్య గోడ ఒక్కటే. అవతల ఏం వండితే ఇవతల అదే వాసన. నాకు వాసన కూడా వాతావరణం కిందే లెక్క."

బెథ్ ఒకటి తీసి మధ్యలో తెరిచింది. పైకే చదివింది. "'మార్చి తొమ్మిది. ఈశాన్యపు గాలి, చలి. డెనిస్ ఓడ దిగాడు. అల్లం, మాంసం పులుసు.' 'మార్చి పది. మంచు. డెనిస్ గట్టిగా పాడుతున్నాడు. శ్రుతి లేదు.'" పేజీ తిప్పింది. "'మార్చి పదిహేడు. ఎండ. డెనిస్ నా ఇంటి చూరు గట్టర్ బాగుచేశాడు. డబ్బిస్తే తీసుకోలేదు. జామ్ ఇచ్చాను.'"

ఇంకో డైరీ, ఇంకో ఏడు. ఇదీ అంతే. రెండు వారాలు వేయించిన ఉల్లిపాయలు, కాల్చిన రొట్టె, పాట. రెండు వారాలు ఏ వాసనా లేదు. ఏడాదికి ఇరవయ్యారు వారాలు, పద్నాలుగేళ్లు, ఒక్క నెల కూడా పోకుండా. బెథ్ నవ్వుకుంటూ చదువుతోంది. ఒకచోట ఆమె గొంతు మారింది.

"'అక్టోబరు ఒకటి. పొగమంచు. డెనిస్ ఓడకి వెళ్లాడు. మ్యూరియల్ రేడియో గట్టిగా పెట్టుకుంది. అతను వెళ్లిన రోజల్లా అంతే.'"

డెనిస్ టీ కప్పులు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. మెట్లు దిగుతుంటే వెనక రేడియో మోగినప్పుడల్లా, అమ్మ చెవులు మందగించాయనుకున్నాడు ఇన్నాళ్లూ.

అప్పుడే లొరెయిన్ వచ్చింది, ఎర్రకోటు, రెండు చేతుల్లో రెండు సంచులు. ఒకటి బల్ల మీద బోర్లించింది. అందులోంచి కవర్లు జారిపడ్డాయి. రెండో సంచిలోంచి ఓ కాగితం తీసి బెథ్ చేతికిచ్చింది.

"ఇది నా వాంగ్మూలం. ఆయన నా ఇల్లు వదిలి పద్నాలుగేళ్లయింది. తర్వాత వచ్చి మంచాన్ని, పుస్తకాల బీరువాని, పనికిరాని సైకిల్ని కూడా తీసుకుపోయాడు. ఉత్తరాల్నే వదిలేశాడు. వీటిలో సగం తెరవలేదు కూడా, చూడు."

"అడ్రసు మార్చలేదేం హార్కర్ గారూ?" అంది బెథ్. అడిగిన తీరులో ఇప్పుడు అనుమానం లేదు, నిజంగానే తెలుసుకోవాలనుంది.

డెనిస్ కప్పులు బల్ల మీద పెట్టాడు. "మారిస్తే నిజమైపోతుందని. యాభైకి దగ్గరపడి అమ్మ దగ్గరికొచ్చి పడ్డానని ఫారం మీద రాయడానికి చెయ్యి ఆడలేదు. తర్వాత్తర్వాత సిగ్గు పోయింది, బద్ధకం మిగిలింది."

"ఆ బద్ధకం నాకు బాగా తెలుసు" అంది లొరెయిన్.

ఐరిస్ విరగబడి నవ్వింది. బెథ్ కూడా నవ్వాపుకోలేకపోయింది. ఓవెన్ నుంచి 'పై' వాసన గదంతా కమ్మేసింది. ఐరిస్ జేబులోంచి పెన్సిలు తీసి ఈ ఏటి డైరీలో ఏదో రాసుకుంది.

బెథ్ పైకి వెళ్లి చూసింది. చిన్నగదిలో డెనిస్ మంచం, తలుపు వెనక ఓడ యూనిఫారాలు, కిటికీలో కళ్లజోళ్లు. స్నానాలగదిలో అతని రేజరు. చేపల కొట్టు యజమాని ఇచ్చిన చీటీ కూడా ఉంది, ఊళ్లో ఉన్న ప్రతి శుక్రవారం డెనిస్ హార్కర్ ఇంటికి హాడాక్ చేప రెండు ముక్కలు పట్టుకెళతాడని. అన్నీ రాసుకుని, ఫొటోలు తీసుకుంది.

"ఒక ముక్క తినండి" అన్నాడు డెనిస్.

"తినకూడదేమో. నేను ఆఫీసు పని మీద వచ్చాను."

"తినేసెయ్యి తల్లీ" అంది ఐరిస్. "రాజభవనం కొనిపెట్టట్లేదు, ఉల్లిపాయ 'పై' పెడుతున్నాడు."

రూలు రూలేనని బెథ్ నవ్వుతూ తల అడ్డంగా ఊపింది. టీ మాత్రం తాగింది. వెళ్లేముందు ఫెయిర్‌హావెన్‌కి వెళ్లి మ్యూరియల్‌ని మళ్లీ అడగాలంది. ఆ సంభాషణ ఎలా జరిగిందో తర్వాత హోమ్‌లో నర్సు చెప్పింది. బెథ్ ఒకే ఒక్క ప్రశ్న అడిగిందట. మ్యూరియల్ నలభై నిమిషాలు జవాబు చెప్పిందట. స్నానాలగది నేల మీద తడి తువ్వాళ్లు, అర్ధరాత్రి అయినా ఆర్పని దీపాలు, జాడీలో వేలు పెట్టి తేనె నాకడం, పద్నాలుగేళ్లుగా దాచుకున్న ఫిర్యాదులన్నీ ఒక్కటీ వదలకుండా. "చుట్టపుచూపుగా వచ్చినవాడి గురించి ఇన్ని ఫిర్యాదులుండవు కదండీ" అంటూ బెథ్ పుస్తకం మూసిందట.

మూడు వారాలకి ఉత్తరం వచ్చింది. డెనిస్ అప్పుడు ఓడ మీదున్నాడు. ఉత్తరాలు చూడమని ఐరిస్‌కి తాళంచెవి ఇచ్చి వెళ్లాడు. పొద్దున ఏడింటికి, ఓడ హల్ రేవుని సమీపిస్తుండగా, పెనం మీద అరవై గుడ్లు ఒకేసారి వేగుతుండగా ఫోన్ మోగింది.

"ఒరేయ్ డెనిస్! వినిపిస్తోందా?"

"చెప్పండి ఆంటీ!"

"నిన్న మధ్యాహ్నమే వచ్చిందిరా, నీకు ఫోన్ కలిస్తే కదా! చదువుతున్నా విను. 'సదరు ఇల్లు శ్రీ డెనిస్ హార్కర్ గారి స్థిర నివాసమని నిర్ధారించుకున్నాం. కావున ఇంటి విలువను లెక్కలోకి తీసుకోవడం లేదు.' వింటున్నావా? అమ్మక్కర్లేదురా! మీ అమ్మ పెన్షన్ పోను మిగతాది వాళ్లే కడతారట!"

డెనిస్ చేతిలో గరిటె గాల్లోనే ఆగిపోయింది. పక్కనున్న ఫిలిప్పీన్స్ వంటవాడు రోమెల్, "ఏమైంది చీఫ్? ఎవరైనా పోయారా?" అన్నాడు కంగారుగా.

"లేదయ్యా. నేను ఇంటివాణ్ణయ్యాను" అన్నాడు డెనిస్. అని ఆ గరిటె పట్టుకునే రోమెల్‌ని కౌగిలించుకున్నాడు. గుడ్లు మాడాయి. ముప్ఫై ఒక్క ఏళ్లలో మొదటిసారి. వంటగదిలో ఎవరో గిన్నె మీద గరిటెతో మోగించారు, ఇంకొకరు అందుకున్నారు. ఆ పూట ఆ ఓడలో ఫలహారానికి వచ్చిన ప్రతి మనిషికీ అడక్కుండానే రెండేసి సాసేజ్‌లు ఎక్కువ పడ్డాయి.

జూన్‌లో ఒక ఆదివారం మ్యూరియల్‌ని భోజనానికి ఇంటికి తీసుకొచ్చారు. ఊరి లైఫ్‌బోట్ రక్షక సిబ్బంది నలుగురు చక్రాల కుర్చీని నాలుగు మూలలా పట్టుకుని మెట్లన్నీ ఎక్కించారు. మ్యూరియల్ పైన మహారాణిలా కూర్చుని, "ఎడమవేపు పిల్లాడా, కొంచెం పైకెత్తు, సముద్రంలోకి ఒరిగిపోతున్నాను" అని కేకలు పెడుతూనే ఉంది. వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చి చూసింది. లీడ్స్ నుంచి గ్లెండా వచ్చింది, హల్ నుంచి లొరెయిన్, రేమండ్ వచ్చారు, రేమండ్ పూలకుండీ పట్టుకుని. డెనిస్ బీఫ్ వేయించాడు, పిండి, గుడ్లతో చేసే యార్క్‌షైర్ పుడ్డింగులు అరచేతి ఎత్తున పొంగించాడు, గ్రేవీ జగ్గుతో పెట్టాడు.

మ్యూరియల్ ఇల్లంతా చూసింది. వంటింటి అరలో డబ్బాలు తన వరసలో లేవని తిట్టింది. తర్వాత పైకి వేలు చూపించి, "ఎక్కడ పడుకుంటున్నావు?" అంది.

"చిన్నగదిలోనే."

"ఆ మంచం మీద నీ కాళ్లు సగం బయటే ఉంటాయి కదరా. నా గదిలోకి మారిపో. సముద్రం వేపుంటుంది. పరదాలు మాత్రం మార్చు, నాకు ముందునుంచీ నచ్చవవి."

"అది నీ గదమ్మా."

"నాకిప్పుడు వేరే గదుంది. కిటికీ ఇంతకన్నా పెద్దది" అంది మ్యూరియల్. "గ్లెండా, వీడికి చెప్పు."

"అమ్మ చెప్పింది చెయ్యి అన్నయ్యా" అంది గ్లెండా. కళ్లు తుడుచుకుంటూ, పుడ్డింగు నములుతూ.

ఐరిస్ మూడోసారి గ్రేవీ వడ్డించుకుంది. రేమండ్ పెరటి గోడ వారన తీగ గులాబీ వేస్తే బాగుంటుందని, పక్కన కూర్చున్న లైఫ్‌బోటు కుర్రాళ్లలో ఒకడికి వివరంగా చెబుతున్నాడు. కిటికీలోంచి ఉప్పుగాలి వస్తోంది. డెనిస్ బల్ల చివర కూర్చుని అందరినీ చూస్తున్నాడు. తన ఇంట్లో తను పదిమందికి వడ్డించడం ఇదే మొదటిసారని అతనికి అప్పుడు తోచింది. ఎవరికీ చెప్పలేదు, లేచి ఇంకో ట్రే పుడ్డింగులు తెచ్చాడు.

చివర్లో తీపికి ఆపిల్ క్రంబుల్ పెట్టి కస్టర్డ్ పోస్తుంటే మ్యూరియల్ గడియారం వేపు చూసి ఉలిక్కిపడింది.

"మూడున్నరా! నన్ను దించండ్రా, త్వరగా!"

"ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?" డెనిస్ లేచాడు.

"నాకేం, గుండ్రాయిలా ఉన్నాను. నాలుగింటికి డామినోలు. కిందటివారం ఆ ఆల్బర్ట్ దొంగాట ఆడి గెలిచాడు. నేను వెళ్లకపోతే నా కుర్చీలో ఆ కొత్తావిడ కూర్చుంటుంది." లైఫ్‌బోటు కుర్రాళ్లు చెంచాలు వదిలేసి లేచారు. "కంగారు పడకండి, తినండి, తినండి. రెండు నిమిషాలిస్తాను. డెనిస్, నా క్రంబుల్ డబ్బాలో పెట్టు. పెద్ద డబ్బా. ఆల్బర్ట్ ఓడిపోయాక ఓ చెంచా పెడతాను పాపం."